తిరుగలి నిలిచినది, పాట యెచటికి బోయినది?

గడచిన మాసమున మా యింటి అటుకమీది పాత సామానును దింపి దులిపించుచుండగా తగరపు పెట్టె యొకటి బయటపడినది. అందు మా అత్తగారి పెండ్లినాటి చీర యొకటియు, దాని మడతల నడుమ పది పదునైదు సినిమాపాటల పుస్తకములును ఉండెను. నాలుగైదు పుటలకు మించని పలుచని పుస్తకములు. పసుపువన్నెకు తిరిగి, ముట్టిన చాలు పొడియగునట్లున్నవి. వెనుకటి దినములలో సినిమాహాళ్ల వాకిట వీనిని స్వల్పమైన వెలకు అమ్మెడివారు. అన్నియు 1960 మొదలు 1970 వరకు వచ్చిన చిత్రములవే.

వానిని జూచి మేము నవ్వితిమి. ఆ నవ్వునకు కారణము చెప్పుకొనవలెను. మేము బడికి బోయి చదివినవారము కాము. మా నాయనగారు ఇంటనే అమరమును, రఘువంశమును, పోతన భాగవతమును చెప్పిరి. అందుచేత సినిమాపాట యనగా మాకు చిన్ననాటినుండియు చిన్నచూపే. "అత్తయ్యా, ఈ పాటలు వచ్చియే గదా మన తిరుగలి పాటలు, రోకటి పాటలు మాసిపోయినవి!" అని మేమంటిమి.

మా అత్తగారు పుస్తకములను మా చేతిలోనుండి మెల్లగా తీసికొని యిట్లనిరి: "పాట పోయిందని నువ్వు బాధపడతాండావు. ఇసుర్రాయి పోయిందని మేము సంతోషపడినాము. కోడి కూయకముందే లేసి రెండు పడుల జొన్నలు ఇసిరితే గాని మా యమ్మకు పొద్దు పొడిచేది గాదు. అది సోకుకు పాడిన పాట గాదమ్మా. చేతుల నొప్పి మరిచేదానికి పాడిన పాట."

మేము మారు పలుకలేకపోతిమి. ఆ రాత్రి మావారు పిల్లల పరీక్షపత్రములు దిద్దుకొనుచుండగా మేము ఆ పుస్తకములను ముందిడుకొని చాలసేపు ఆలోచించితిమి. పాట నిజముగా పోయినదా? పోయినచో దానిని పోగొట్టినవారెవరు? ఈ మాసమున మన ముచ్చట యిదియే.

మన సీమ మెట్టభూముల సీమ. వెనుకటి దినములలో కర్నూలు, కడప పల్లెలలో జొన్న, కొర్ర, రాగి మన ప్రధానాహారముగా నుండెను. జొన్నకును రాగికిని వరివలె దంచి వండుకొనుటతోనే పని తీరదు. రొట్టెకును సంగటికిని పిండి కావలెను. పిండి కావలెనన్న రాయి తిరుగవలెను. ఇంటింట వేకువజామున ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా గూర్చుండి, ఒకే పిడిని పట్టి త్రిప్పుచు, ఒకరు ఎత్తుకొనగా మరొకరు అందుకొని పాడెడివారు. రాయి తిరుగు వేగమే ఆ పాటకు తాళము. పురుషులకును అట్టి పాట కలదు. బావులకడ కపిల తోలు రైతు, ఎద్దులు దిగుడుబాటను దిగునప్పుడొక విధముగను, నీరు కుమ్మరించి వెనుకకు మరలునప్పుడొక విధముగను రాగము తీసెడివాడు. ఇవిగాక చెక్కభజనలు, కోలాటములు, గొబ్బిపాటలు, పీర్లపండుగ పాటలు నుండెను.

ఈ పాటలలో సీతమ్మ కష్టములే గాదు, మన సీమ చరిత్రయు నిలిచినది. 1847లో కోయిలకుంట్లలో ఉరిదీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథయు, 1866 కరవున వేలమందికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి కథయు, అక్షరము రాని స్త్రీపురుషుల నోటనే తరతరములు నిలిచినవి.

ఇంతకంటె విశేషమొకటి కలదు. రాజంపేట చెంత తాళ్లపాకలో బుట్టిన అన్నమాచార్యులవారు ఈ పనిపాటల బాణీలను తక్కువగా జూడలేదు. సువ్విపాటలు, గొబ్బిపాటలు, ఉయ్యాలపాటలు, జాజరపాటలు వారి సంకీర్తనములలో చేరినవి. రోలుకడ పుట్టిన బాణీ ఏడుకొండలవాని సన్నిధికి ఎక్కినది. కావున ఒకచోట పుట్టిన పాట మరియొకచోటికి పోయి వేషము మార్చుకొనుట నేటి వింత గాదు.

ఇక ఆ పదేండ్లలో నేమి జరిగెనో చూతము. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు రాజధాని యయ్యెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడగా ఆ వైభవము హైదరాబాదునకు తరలిపోయెను. 1959లో పంచాయతీరాజ్యము వచ్చెను. పల్లె వెంట పల్లెకు విద్యుత్తు రాసాగెను. తీగ వచ్చిన చోట పిండిమర వచ్చెను. బావి గట్టున మోటారు వచ్చెను. పిండిమరవలన తిరుగలి మూలకు జేరెను. మోటారువలన కపిల అటక కెక్కెను. పని యాగినప్పుడు దానిని అంటిపెట్టుకొనియున్న పాటయు ఆగెను. దీనిని సినిమా చేసినదన్న మా మాట పొరపాటని మాకప్పుడు తోచినది. సినిమాపాట మన పాటను వెడలగొట్టలేదు. ఖాళీయైన యింటిలో కాపురము పెట్టినది.

ఆ కాపురమునకు తలుపు తెరచినది రేడియో. 1952 ప్రాంతమున ఆకాశవాణివారు, సినిమాపాట అభిరుచిని చెరచునని తలచి, దానిని మిక్కిలి తగ్గించివేసిరి. శ్రోతలేమి చేసిరి? తమ రేడియోముల్లును సిలోను వైపునకు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభింపవలసివచ్చెను. అందరూ వినదలచినదానిని కొందరు ఆపలేరని దీనివలన తెలియుచున్నది గదా! 1963లో కడపలోనే ఆకాశవాణి కేంద్రము వెలసినది. అప్పటికి రేడియో పెట్టుకొనవలెనన్న తపాలా కచేరిలో రుసుము చెల్లించి లైసెన్సు పొందవలెను; అందుచేత అది కలవారి యిండ్లలోని వస్తువు. తక్కినవారికి పంచాయతీ రేడియోయే దిక్కు. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట పాట చేలగట్టునకును నడచినది.

మన స్త్రీల కిందులో నున్న మర్మమును గమనింపవలెను. అంతకు పూర్వము నలుగురిలో పాడు స్త్రీని లోకము గౌరవముగా జూచెడిది కాదు. సంగీతమును కాపాడినవారు దేవదాసీ కులములలోని స్త్రీలు. 1947లో మదరాసు ప్రభుత్వము దేవాలయములకు బాలికలను అర్పించుటను చట్టముచే నిషేధించెను. ఆ విద్యతోపాటు దానికంటిన నిందయు చాలకాలము సంసారుల యిండ్లను భయపెట్టినది. మన కడప సీమలోని సురభి గ్రామమున 1885లో బుట్టిన నాటకసమాజము ఆడువారి వేషములను ఆడువారిచేతనే వేయించి ధైర్యము చూపినది. ఆ సమాజపు కమలాబాయిగారే 1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో నటించిరి. అయినను వేదికమీద ముఖము చూపకతప్పదు. నేపథ్యగానము వచ్చి ముఖమును గొంతును వేరుచేసినది. ముఖము తెరమీద నొకరిది, గొంతు తెరవెనుక నొకరిది. లీలగారి గొంతును, జిక్కిగారి గొంతును, సుశీలగారి గొంతును విని, ఇంట నున్న ఆడపిల్ల తానును అట్లు పాడవచ్చునని తలచుటకు ఆస్కారము కలిగెను.

పాటలోని మాటయు మారినది. టాకీల తొలినాళ్లలో నాటకపు పద్యమే ఎక్కువ. 1955లో రైతుల బాధలను చూపిన "రోజులు మారాయి" వచ్చి, కొసరాజుగారి కలముచేత పల్లెబాణీని పట్టణపు హాళ్లలో నిలిపెను. రాష్ట్రము లొకటైన పిదప తెలంగాణమునుండి దాశరథిగారు 1961లోను, సి. నారాయణరెడ్డిగారు 1962లో "గులేబకావళి కథ"తోను సినిమాపాటలోనికి వచ్చిరి. ఆత్రేయగారు ఇంటిలో మాటలాడుకొను మాటలనే పాటగా కట్టిరి, కె.వి. మహదేవనుగారు ముందు సాహిత్యమును చేతబట్టుకొని, పిదప వరుస కట్టెడివారు గనుక ఆ మాటల సహజత్వము చెడలేదు. మన బద్వేలు చెంతనున్న గోపవరపు మొల్ల, పద్యము వినినంతనే అర్థము మనసునకు తట్టవలెనని ఏనాడో కోరినది. ఆమె కోరినదే ఇచట జరిగినదనిన తప్పేమి?

విషయములును మారినవి. 1955లో హిందూ వివాహచట్టము, 1956లో వారసత్వచట్టము, 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినవి. తెరమీద 1962లో "కులగోత్రాలు", 1969లో "వరకట్నం" వచ్చినవి. మనవంటి పాఠకురాండ్రు పత్రికలలో చదివిన నవలలు చిత్రములై, 1964లో కోడూరి కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణము" "డాక్టర్ చక్రవర్తి"గా వచ్చి, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతముతో ఇంటింట మ్రోగెను. స్త్రీ వ్రాసినది, స్త్రీలు చదివినది, పాటయై మరల స్త్రీల చెవికే చేరినది.

మన సీమవారి పాలును ఇందు తక్కువ గాదు. పులివెందుల ప్రాంతపు బి.ఎన్. రెడ్డిగారు, వారి తమ్ములు నాగిరెడ్డిగారు మదరాసులో చిత్రనిర్మాణమునకు పెద్దదిక్కులు. సింహాద్రిపురపు పద్మనాభముగారు 1966లో తాము నిర్మించిన "శ్రీ శ్రీ శ్రీ మర్యాదరామన్న"లో, అప్పటికి ఇంజనీరింగు చదువుకొనుచున్న యువకునిచేత తొలిపాట పాడించిరి. ఆ యువకుడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు.

ఆ దినములలో ప్రపంచమంతటను ఇట్టి గాలియే వీచినది. అమెరికాలో నల్లజాతివారు తమ ప్రార్థనామందిరముల పాటలను హక్కుల పోరాటమున వీధులకు తెచ్చిరి. ఇంగ్లండులో బీటిల్సు అను నలుగురు యువకులలో నొకడగు జార్జి హారిసను 1966లో రవిశంకరుగారికడ సితారు నేర్చుకొనెను. కావున పాట కదలుట మన దేశమున మాత్రమే జరిగినది గాదు.

అయిన పోగొట్టుకొన్న దేమియు లేదా? ఉన్నది. తిరుగలికడ పాడినవారే వినువారు. రేడియోకడ పాడువారొకరు, వినువారు లక్షలు. "మూగమనసులు" వచ్చి గోదావరిని మన యింట ప్రవహింపజేసినది, మేము కాదనము. కాని మన జొన్నచేను, మన నల్లరేగడి, మన కుందూనది సినిమాపాటలో ఎన్నిమారులు వినబడినవి? మన మాటతీరు నవ్వించుటకో బెదరించుటకో తెరకెక్కినదిగాని, ప్రేమించుటకు ఎక్కినది అరుదు. స్వంత పాటను మానినవాడు పరుల పాటలో తనను వెదకికొనవలసివచ్చును. ఇది చిన్న నష్టము గాదు.

మరునాడు మేము అత్తగారి నడిగితిమి: "అత్తయ్యా, ఈ పుస్తకాలు పెట్టెలో ఎందుకు దాచినారు?"

ఆమె చెప్పిన దిది. ఆమె పదునాలుగేండ్ల పిల్లగా నున్నప్పుడు వారి యూరి పంచాయతీ రేడియో మ్రోగు సమయమునకు ఎదురింటి అరుగుమీద గూర్చుండి వినెడివారట. ప్రొద్దుటూరిలో చదువుకొనుచున్న అన్నగారు సెలవులకు వచ్చునప్పుడు ఈ పుస్తకములను తెచ్చి యిచ్చెడివారు. అక్షరములు మరువకుండ నుండుటకు ఆమెకు అవియే పాఠ్యపుస్తకములు. బడి అయిదవ తరగతితోనే ఆగిపోయెను. పెండ్లియై వచ్చిన మొదటి వారమున వంటయింటిలో ఒకపాట కూనిరాగము తీయగా, మామగారు వసారాలోనుండి, "ఇది సంసారుల యిల్లు" అని యొక్కమాట యనిరి. అంతే. పుస్తకములు పెట్టెలోనికి బోయినవి. గొంతు కూడ బోయినది. పిల్లలను నిద్రబుచ్చుటకు తప్ప ఏబదియేండ్లకు పైగా ఆమె పాడలేదు.

మేము ఆ మాట విని సిగ్గుపడితిమి. ఏలయన, ఆ మామగారు చేసినదానికిని, పెట్టె తెరచినప్పుడు మేము నవ్విన నవ్వునకును భేదమేమి? ఆయన మర్యాద పేరిట కాదనెను. మేము సాహిత్యము పేరిట కాదంటిమి. ఇరువురిచేతను మూతబడినది ఆమె నోరే.

ఆ సాయంకాలము మేమును, మా అమ్మాయియు బలవంతపెట్టగా ఆమె పాడిరి. మొదట వారి యమ్మగారి తిరుగలిపాట. మూడు చరణములు వచ్చినవి. నాలుగవది జ్ఞప్తికి రాలేదు. కుడిచేయి మాత్రము గాలిలో రాయి త్రిప్పుచునే యుండెను. ఒకింత యాగి, దాని వెంటనే ఆ పుస్తకములలోని పాట యొకటి పుస్తకము చూడకయే తుదిదాక పాడిరి. ఆమెకు ఆ రెంటికిని నడుమ గోడ లేదు. మా అమ్మాయి రెంటిని ఫోనులో పట్టియుంచినది. ఆ నాలుగవ చరణము ఇక నెవరికడ దొరకును? వారి యూరిలో ఎనుబది దాటిన ముసలమ్మ లిద్దరున్నారట. వచ్చు ఆదివారము మావారితో గూడ పోవుటకు నిశ్చయించితిమి.

సోదరీమణులారా, తిరుగలిని మరల త్రిప్పుడని మేము చెప్పము. ఆ చేతుల నొప్పిని ఎవరికిని కోరము. కాని మీ యింట అత్తగారో, అవ్వగారో, మేనత్తయో యున్నచో, ఈ పండుగకు పిండివంటలు చేయునప్పుడు వారిచేత నొక పాట పాడించుకొనుడు. అది రోకటిపాటయైనను సరే, ఘంటసాలగారి పాటయైనను సరే. తప్పు పట్టకుడు, నవ్వకుడు. ఒక చరణము మరచిన తొందరపెట్టకుడు. వ్రాసి పెట్టుకొనుడు, ఫోనున్నచో పట్టి యుంచుడు. మీ కట్లు లభించిన పాటను గూర్చి మాకు తెలియజేసినచో ఈ పుటలోనే ముచ్చటించుకొందము.