కువైటు ఎంత దూరము?



మొన్న ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, సఖినేటిపల్లి నుండి పంటు దాటి నరసాపురము వచ్చిన ఒక తల్లి మమ్మును అడిగింది: "అయ్యగారూ, కువైటు ఎంత దూరమండీ?" ఆమె కుమార్తె అక్కడ ఇంటిపనిలో ఉంది. ఇక్కడ భర్త మంచము పట్టాడు. "ఆయనకేమైనా అయితే పిల్ల మట్టికి అందుతుందాండీ?" అన్నదే ఆమె అసలు ప్రశ్న. ఈ ప్రశ్న మన కోనసీమలో చాలా ఇండ్లలో ఉన్నది గనుక, ఆమెతో కూర్చొని వేసిన లెక్క ఇక్కడ వ్రాస్తున్నాము.

హైదరాబాదు (శంషాబాదు) నుండి కువైటుకు ఆకాశమార్గమున సుమారు 3,370 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానములో వెళ్ళేటప్పుడు దాదాపు 5 గంటలు, వచ్చేటప్పుడు నాలుగున్నర. చలికాలములో పై ఎత్తున పడమటి గాలి గట్టిగా వీస్తుంది. పోయే విమానానికి అది ఎదురు, వచ్చేదానికి తోడు. కువైటు గడియారము మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ ఉదయము 10 గంటలకు బయలుదేరితే ఇక్కడ దిగేసరికి సాయంత్రము 5 అవుతుంది. రాత్రి నరసాపురము రైలు ఎక్కితే తెల్లవారి పంటు రేవుకు చేరవచ్చు. రాజమండ్రికి విమానము దొరికితే అది మరో గంట, ఆపైన కారు.

"అంతేనాండీ!" అన్నది ఆ తల్లి. అంతే అనడానికి మాకు నోరు రాలేదు.

మేమెరిగిన ఒక ఇంట తండ్రిని నాలుగు రోజులు ఐసు పెట్టెలో ఉంచారు. కూతురు అయిదవ రోజున వచ్చింది. ఆలస్యము విమానముది కాదు. ఆమె పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, యజమాని ఊరిలో లేడు. పనిమనిషి సమ్మతి లేకుండా పాస్‌పోర్టు ఉంచుకోరాదని కువైటు 2015లోనే చట్టము చేసింది. కాని చట్టము చదివి వినిపించేదెవరు? చెప్పకుండా బయటికి వస్తే పారిపోయిందని ఫిర్యాదు పెడతారన్న భయము వేరే.

మన ప్రాంతానికి సువార్త తెచ్చిన బౌడెను, బీరు దొరలు 1836లో ఇంగ్లాండు విడిచినప్పుడు సూయజు కాలువ లేదు. ఆఫ్రికా చుట్టి నెలల తరబడి ఓడలో వచ్చారు. ఇంటివద్ద ఎవరైనా పోతే ఆ వార్త కూడా నెలలకు గాని చేరేది కాదు. ఇప్పుడు వార్త క్షణములో చేరుతుంది, మనిషే చేరలేదు. ఏది ఎక్కువ బాధో మేము చెప్పలేము.

ఆ తల్లికి మేము చెప్పినది ఇది. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, అక్కడి సివిల్ ఐడీ నంబరు, యజమాని ఫోను, ఇంటి చిరునామా మీ ఇంట ఉండాలి. భారత రాయబార కార్యాలయము నంబరు పిల్ల దగ్గర కూడా ఉండాలి. తండ్రి జబ్బు సంగతి దాచకుండా యజమానురాలికి ఇప్పుడే చెప్పించండి. డాక్టరు కాగితము ఫోనులో పంపండి. టిక్కెట్టు డబ్బు విడిగా పెట్టండి.

ఆమె కొంతసేపు ఊరకున్నది. తరువాత, "మట్టికి కాదండీ, ఆయన మాటాడుతుండగానే రమ్మంటాను" అని, మా కలము తీసుకొని ఆ నంబరు బైబిలు అట్ట లోపల వ్రాసుకొని పంటు రేవుకు వెళ్ళింది.