154వ నంబర్ కుర్రాడు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రతి ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది. కాలేజీ ఆటగాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌కి రివర్స్ అన్నమాట: ఎక్కువ ఓడిన జట్టుకే ముందు ఛాన్స్. మర్నాటి నుంచే ఫ్యాన్స్ గొడవ మొదలు. "మొదటి రౌండ్‌లో డిఫెన్స్‌కి ఎవర్నీ తీసుకోలేదు, ఈ ఏడు మన పని అంతే!" సియాటెల్‌లో ఉండే మా అన్నయ్యదీ ఇదే పాట.

నాకు ఈ వాదన అస్సలు ఎక్కదు. కారణం అన్నయ్య అభిమాన జట్టు సీహాక్సే. 2010లో కామ్ ఛాన్సలర్ 133వ పిక్, 2011లో రిచర్డ్ షెర్మన్ 154వ పిక్. ఇద్దరిదీ ఐదో రౌండే. షెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో మొదట బంతి పట్టే రిసీవర్. తర్వాత ఆ రిసీవర్లనే ఆపే కార్నర్‌బ్యాక్ అయ్యాడు. కోచ్ పీట్ కారోల్‌కి ఆ చోట పొడుగు మనుషులు కావాలి. ఇతను 6 అడుగుల 3 అంగుళాలు. ఇంకేం! 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగు సీజన్లు లీగ్‌లో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చింది ఆ జట్టే. 2013 సీజన్‌లో 606 పాయింట్లతో రికార్డు కొట్టిన డెన్వర్‌ని సూపర్ బౌల్‌లో 8 పాయింట్ల దగ్గర ఆపేశారు. స్కోరు 43-8.

అదే డిఫెన్స్‌లో ఎర్ల్ థామస్ మొదటి రౌండ్ వాడే, 14వ పిక్. కాదనను. కానీ ఈ కుర్రాడితో కోచ్ ఏ పని చేయించబోతున్నాడో ఎవరూ అడగరే? దానికి జవాబు సెప్టెంబర్‌లో ఆటలు మొదలయ్యాకే తెలుస్తుంది. మర్నాడే జట్లకి ఏ, బి, సి గ్రేడ్లు ఇచ్చేయడమంటే, ఫస్ట్ మిడ్ కూడా రాయకముందే సీజీపీఏ వేసినట్టు.