మీటరుది ఒక లెక్క, లాబొరేటరీది ఒక లెక్క

పరగడుపున ఇంట్లో మీటరు మీద చక్కెర 142 చూపించింది. గంట తిరక్కుండా లాబొరేటరీవారు 128 అని రాసిచ్చారు. ఏది నమ్మాలి? మధుమేహం ఉన్న ఇళ్లలో తరచు వినబడే ప్రశ్నే ఇది.

ఇంతమాత్రానికి మీటరును పారవేయనక్కరలేదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, అసలు చక్కెర 100 మి.గ్రా., ఆపైన ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు 15 శాతం తేడాలోపల ఉంటే చాలు. 100కు లోపైతే 15 మి.గ్రా. అటూ ఇటూ. అంటే 200 ఉన్నచోట 170 చూపినా, 230 చూపినా అది హద్దులో ఉన్నట్టే. పైగా మీటరు చూసేది వేలికొన నెత్తురు; లాబొరేటరీవారు తీసేది సిరలోది. భోజనమయ్యాక వేలి నెత్తురులో చక్కెర ఎక్కువగా ఉంటుంది. కనుక పోల్చి చూడదలిస్తే పరగడుపునే, లాబొరేటరీలో రక్తం ఇచ్చిన అయిదు నిమిషాల్లో చూసుకోండి.

అసలు చిక్కు చాలాసార్లు చేతిలోనే ఉంటుంది. మామిడిపండు తిని, చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని వేలు పొడుచుకుంటే మీటరు ఆ పండు చక్కెరను కూడా కలిపి చెబుతుంది. స్పిరిట్ దూది చాలదు. సబ్బుతో కడిగి, తడి లేకుండా ఆరనివ్వండి. స్ట్రిప్పులు ఖరీదే, ఒప్పుకుంటాను. అలాగని గడువు దాటినవి, మూత తీసి వదిలేసినవి వాడితే ఆ డబ్బూ దండగే. చుక్క రాలేదని వేలిని గట్టిగా పిండకండి.

రక్తహీనత ఉన్నవారికి మీటరు అసలుకంటె ఎక్కువ చూపవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది ప్రమాదం. లేని చక్కెరకు మందు పెంచితే ఉన్న చక్కెర పడిపోతుంది. అనుకోని అంకె కనబడగానే మోతాదు మార్చకండి. చేతులు కడుక్కుని, కొత్త స్ట్రిప్పుతో మళ్లీ చూడండి. అప్పుడూ అలాగే ఉంటే డాక్టరుకు చెప్పండి.

మీటరు 90 అంటున్నా చెమటలు, వణుకు, కంగారు ఉంటే దాని మాట పట్టుకుని కూర్చోకండి. వెంటనే మరోసారి చూడండి. ఆ వీలు లేకపోయినా, 70కి తక్కువ వచ్చినా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోండి. తెలివి తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.