కాలువ చివర ఏముంది?

ఇంటింటికీ కుళాయి వచ్చాక పల్లెల్లో ఆడవాళ్లకు బిందెలు మోసే బాధ చాలావరకు తప్పింది. ఊళ్లకు ఈమధ్య ఇంతకంటే మేలైన పని జరగలేదని నా నమ్మకం. అయితే వచ్చిన నీళ్లు ఎటు పోతున్నాయని అడిగినవాళ్లు తక్కువ. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగవుతుందని ఇంజినీర్ల అంచనా. అంటే 3,000 మంది ఉన్న ఊరి నుంచి రోజూ 1,32,000 లీటర్లు. తెలంగాణలో మిషన్ భగీరథ లక్ష్యం పల్లెల్లో మనిషికి 100 లీటర్లు కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ.

దీనికి మన పంచాయతీలకు తెలిసిన జవాబు సిమెంటు కాలువ. అది మురుగును శుద్ధి చేయదు, ముందుకు నెట్టేస్తుంది. ఊరి చివరికి వెళ్లి చూడండి. చాలాచోట్ల అది దళితవాడ పక్కనే. వాలు సరిపోక నీళ్లు నిలిచి, నల్లటి బురద మీద సబ్బు నురగ, కవర్లు, వాటి మధ్య మెలికలు తిరిగే దోమ పిల్లలు. బోదకాలు అంటించే క్యూలెక్స్ దోమ పెరిగేది ఇలాంటి నీళ్లలోనే. పై వీధి కడుక్కున్నది కింది వీధి అనుభవిస్తోంది. ఇది అన్యాయం. పొంగిందంతా చెరువులో కలుస్తుంది.

అంతకన్నా ఘోరం, సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని కాలువలోకి వదలడం. స్నానాల నీళ్లను మట్టే వడకట్టుకోగలదు. మరుగుదొడ్డి నీళ్లు కలిస్తే కాలువంతా రోగాలే.

స్థలమున్న ఇంటి మురుగు ఆ ఇంటి దగ్గరే ఇంకాలి. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా టెంభుర్ణిలో ఇంటింటికీ ఇంకుడు గుంతలు కట్టుకుని దోమల బెడద తగ్గించుకున్నారు. మన దగ్గరా ఉపాధి హామీ కింద ఎన్నో తవ్వారు. చాలావాటికి ముందు చిన్న తొట్టి కట్టలేదు. అంట్లు తోమిన జిడ్డు, మెతుకులు, ఇసుక నేరుగా లోపలికి పోయి రాళ్ల సందులు పూడిపోయాయి. నీళ్లు పైకి తన్నాయి. గుంతలు పనికిరావనే మాట ఊళ్లో స్థిరపడిపోయింది. ఒక తొట్టి, దానికో జాలీ, వారానికోసారి దాన్ని ఎత్తి శుభ్రం చేసే ఓపిక ఉంటే ఆ గుంతలు ఏళ్లతరబడి నిలిచేవి.

నల్లరేగడిలోను, కొద్ది అడుగులకే నీళ్లు పడే డెల్టా ఊళ్లలోను గుంత కుదరదు. అక్కడ కాలువ తప్పదు, దాని చివర వరుసగా మూడు కుంటలు కావాలి. మొదటిదాంట్లో మడ్డి అడుగుకు దిగుతుంది. తర్వాతి రెండింటిలో ఎండ, నాచు, సూక్ష్మజీవులు మిగతా పని చూసుకుంటాయి. కరెంటు అక్కర్లేదు. భూమి కావాలి. ఆక్రమణలు పోగా మిగిలిన పోరంబోకులో కొంత దీనికి కేటాయించక తప్పదు.

డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోను. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 30 శాతం పారిశుధ్యానికే ముడిపెట్టింది. స్వచ్ఛ భారత్ రెండో దశలోనూ వాడిన నీటి నిర్వహణకు విడిగా కేటాయింపు పెట్టారు. వచ్చే గ్రామసభలో కొత్త కాలువ అంచనా చదివినప్పుడు, ఆ నీళ్లు చివరికి ఎక్కడ శుద్ధి అవుతాయో తీర్మానంలో రాయించండి. రాయనంటే సంతకం పెట్టకండి.