ఆమ్దాపూర్ ఎల్లమ్మ గొంతుకు వారసులేరి?

మైకుల్లేని రోజుల్లో తెల్లవార్లూ పాడుతూ, ఆడుతూ, చివరి వరసలో గొంగడి కప్పుకొని కూర్చున్న ముసలాయనకు కూడా ప్రతి మాటా వినిపించాలి. చిందు బాగోతం కళాకారులకు ఊరు పెట్టే పరీక్ష అది. నిజామాబాద్ జిల్లా బోధన్ మండలం ఆమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ ఆ పరీక్షలో నెగ్గిన మనిషి. నాలుగేళ్లకే బాలకృష్ణుడి వేషం కట్టింది. బడికి పోని ఆమెకు ఆటలు నోటికి వచ్చు.

కూచిపూడి భాగవతుల్లో సత్యభామ వేషమూ మగవాళ్లే కట్టేవారు. చిందు కుటుంబాల్లో మాత్రం ఆడవాళ్లు మొదటినుంచీ గజ్జె కట్టారు. ఇక్కడ పాడేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు కాదు. పాత్ర తన పాట తానే ఎత్తుకోవాలి, మద్దెల దరువుకు అడుగు వేయాలి, ఆ ఆయాసంలోనే సంభాషణ అందుకోవాలి. వెనకనుంచి వంత అందేలోపు దొరికేదే ఊపిరి తీసుకునే వ్యవధి. ఇంత కష్టమైన గాత్రవిద్యను ‘జానపదం’ అని ఒక్క మాటతో పక్కన పెట్టడం అన్యాయం.

ఎల్లమ్మకు 1999లో హంస పురస్కారం దక్కింది. 2005 నవంబరులో ఆమె కన్నుమూసింది. అదే కళకు జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య ద్వారా పద్మశ్రీ వచ్చేసరికి 2024 అయింది.

2015 చివర మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి ఎన్నికలప్పుడల్లా మాట్లాడతారు. మాట్లాడాల్సిందే, అది వేల కుటుంబాల అన్నం. మరి అదే నేలమీద ఆగిపోతున్న బాగోతం గురించి ఏ వేదికమీదా ఎందుకు మాట్లాడరు? చిందు వాళ్లకూ అది బతుకుతెరువే. మాదిగవాడల్లో వాళ్ల కులపురాణమైన జాంబపురాణం చెప్పి, ఆట కట్టి, ఊరిచ్చే గింజలతో తరతరాలు బతికారు. ఆ ఇచ్చే చేతులు తగ్గాక పిల్లలు వేరే పనులు వెతుక్కుంటే వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు కొలువులిచ్చింది. మంచి పని. కానీ పథకాల ప్రచారానికి పాడే పది నిమిషాల పాట వేరు, రాత్రంతా సాగే సారంగధర ఆట వేరు. నిజామాబాద్‌లో ఒక చిందు బడి పెట్టాలి. పెద్ద కళాకారులను నెలజీతంమీద గురువులుగా తీసుకోవాలి. ఆటలను మొదటినుంచి మంగళం దాకా, ముక్కలు చేయకుండా రికార్డు చేయాలి. నేర్చుకునే పిల్లలకు ఉపకారవేతనం ఇవ్వాలి. మొదటి తరగతి ఆమ్దాపూర్‌లోనే పెడితే మరీ మంచిది.