ఇటుకల రైలు

నాలుగు అగ్గిపెట్టెలను దారముతో కూర్చి, కూత వేయుచు వీధి పొడవున లాగుకొనిపోవు బాలుని చూచి ఎవరును కోపగింపరు. ఆ బాలుడే నలువదియేండ్లవాడై, ఉద్యోగము ముగించుకొని ఇల్లు చేరి, నేలమీద కూర్చుండి బొమ్మరైలు కట్టుచున్నచో మాత్రము చూచువారు నవ్వుదురు. వయసు వచ్చినది గాని బుద్ధి రాలేదందురు. ఐరోపాలోను అమెరికాలోను వేలకొలది పెద్దలు ప్లాస్టిక్ ఇటుకలతో రైళ్లు కట్టుటను తమ తీరికవేళల వ్యాసంగముగా చేసికొనియున్నారు. ప్రదర్శనలు జరుపుదురు, ఒకరు కట్టినదానిని మరియొకరు పరీక్షింతురు. వీరందరును బుద్ధి రానివారేనా?

ఈ ఇటుకలకు పుట్టినిల్లు డెన్మార్కు దేశమందలి బిల్లుండ్ అను చిన్న ఊరు. ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అను వడ్రంగి 1932లో అచ్చట కొయ్యబొమ్మలు చేయ మొదలిడెను. రెండేండ్ల పిదప తన బొమ్మలకు 'లెగో' అని పేరు పెట్టెను. డేనిష్ భాషలో చక్కగా ఆడుకొనుమను అర్థమిచ్చు రెండు మాటలను కుదించి చేసిన పేరది. పైన బొడిపెలు, అడుగున గొట్టములు గల ఇటుకకు 1958లో పేటెంటు కోరిరి. నేటి ఇటుకయు ఆ కొలతలదే. తొలి రైలు 1966లో వచ్చెను. దానికి నీలిరంగు పట్టాలు. బ్యాటరీతో నడచు ఇంజను.

ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు రెండున్నచో వానిని 24 విధముల కూర్పవచ్చును. ఆరు ఇటుకలున్నచో ఆ సంఖ్య 91,51,03,765 అగును. ఇంత స్వేచ్ఛ ఉండగా రైలు కట్టుట యెంత పని యనిపించును. చిక్కంతయు పట్టాలతో వచ్చును.

బొమ్మపట్టాల నడుమ దూరము సుమారు 38 మిల్లీమీటర్లు. ప్రపంచమున పెక్కు దేశములలో వాడుకలోనున్న నిజమైన పట్టాల నడుమ దూరము 1435 మిల్లీమీటర్లు. అనగా బొమ్మ అసలుదానిలో 38వ వంతు. ఈ లెక్కనే పట్టుకొన్నచో, మూడు మీటర్ల వెడల్పుగల రైలుపెట్టె బొమ్మలో 79 మిల్లీమీటర్లుండవలెను. ఒక్కొక్క బొడిపెకు పట్టు చోటు 8 మిల్లీమీటర్లు గనుక అది ఇంచుమించు పది బొడిపెల వెడల్పు. కాని కర్మాగారమునుండి వచ్చు రైళ్లలో అధికభాగము ఆరు బొడిపెల వెడల్పువే. పిల్లవాని గదిలో తిరుగుటకు అది అనువైనది. పెద్దవాని కంటికి మాత్రము బక్కచిక్కినట్లు కన్పట్టును. కొందరు దానిని ఎనిమిదికి పెంచుదురు. ఆరే అందమనువారును కలరు. ఈ వివాదము ఏండ్ల తరబడి తెగలేదు.

భారతదేశపు బ్రాడ్‌గేజి పెట్టెను కట్టదలచినవాని పాట్లు వేరు. ఇచ్చటి పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు, పెట్టె వెడల్పు దాదాపు మూడుంబావు మీటర్లు. లెక్క వేసినచో తొమ్మిది బొడిపెలు వచ్చును. బేసి సంఖ్య! చక్రములును కొక్కెములును సరిసంఖ్యకు అమరునట్లు చేయబడినవి గనుక, అతడు ఎనిమిదితోనో పదితోనో రాజీపడవలసినదే.

వెడల్పుకన్న కష్టమైనది మలుపు. వంపు పట్టాలు పదునారింటిని కూర్చినచో పూర్ణవృత్తమగును. దాని వ్యాసార్ధము 40 బొడిపెలు, అనగా 32 సెంటీమీటర్లు మాత్రమే. అదే లెక్కన అసలు రైలుమార్గమునకు ఇది 12 మీటర్ల వ్యాసార్ధముగల మలుపు. వందలకొలది మీటర్ల మలుపులకు అలవాటుపడిన ఎక్స్‌ప్రెస్సు బండి అచ్చట తిరుగజాలదు. అందుచేత పొడవైన ఆవిరి ఇంజనును కట్టువాడు మూడు జతల పెద్ద చక్రములలో నడిమి జతకు పట్టాను ఒరసికొను అంచు లేకుండ చేయును. 2009లో వెలువడిన 'ఎమరాల్డ్ నైట్' అను ఆకుపచ్చని ఇంజనులో ఈ ఉపాయమే కలదు. ఇది బొమ్మలకు మాత్రమే చెల్లు మోసము కాదు. అసలు ఇంజనులను చేసినవారును నడిమి చక్రముల అంచు తీసివైచిన సందర్భములు కలవు.

స్విట్జర్లాండులో గొట్టార్డు కొండమార్గమునకై 1919 మొదలు నిర్మించిన విద్యుత్తు ఇంజను ఒకటి కలదు. ముందువెనుకల పొడవైన ముక్కులుండుటచే దానిని మొసలి యని పిలిచిరి. కొండ మలుపులలో ఇమిడిపోవుటకై దాని దేహమును మూడు ఖండములుగా చేసి, కీళ్లతో కలిపిరి. 2020లో దాని బొమ్మ ఇటుకలలో వచ్చినపుడు అందును అట్టి కీళ్లే అక్కరకు వచ్చెను. నూరేండ్ల క్రిందట కొండలలో ఇంజనీరును వేధించిన ప్రశ్నయే నేలమీద కూర్చున్నవానిని మరల వేధించుచున్నది. అతడును కాగితము తీసి, గీతలు గీసి, రెండుమూడు మారులు తప్పి, ఆ సమాధానమునకే వచ్చును. దీనిని పసితనమనుట తగదు.

ఇట్లని ఈ వ్యాసంగమున దోషమే లేదనరాదు. వస్తువంతయు ఒక్క కర్మాగారము చేతిలోనుండుట దాని బలహీనత. 1991లో లోహపు పట్టాలు వచ్చెను. విద్యుత్తు పట్టాలనుండియే ఇంజనుకు అందును గనుక బ్యాటరీ మార్చు బాధ లేదు; ప్రదర్శనలలో రైలు గంటల తరబడి ఆగక తిరుగును. పెద్దలు వానిని నమ్ముకొని గదుల నిండ మార్గములు పరచిరి. 2006లో మరల బ్యాటరీ రైళ్లు బయలుదేరెను. కొలదికాలములోనే లోహపు పట్టాల తయారీ నిలిచెను. ఉన్నవాని వెల పెరిగెను. చేతనైనవారు బ్యాటరీని బొగ్గుపెట్టెలో దాచు నేర్పు సంపాదించిరి. 2018 తరువాత చేతిఫోనుతో నడుపుటయు నేర్చిరి. తక్కినవారు పాతపట్టాలను బంగారమువలె దాచుకొనిరి.

ఇంతకన్న పెద్ద దోషము కూడబెట్టుట. తయారీ ఆగిన రైలుకు వెల హెచ్చునని తెలిసినది మొదలు, కొందరు ఒకటే రైలును రెండేసి పెట్టెలు కొని, ఒకదానిని విప్పకయే బీరువాలో పెట్టుచున్నారు. ముద్ర చెదరని పెట్టెకు ధర ఎక్కువ. విప్పి, కట్టి, నడిపినదానికి తక్కువ! ఆడుకొనుటకై చేసిన వస్తువు ఆడుకొన్నంతమాత్రమున విలువ కోల్పోవుట వింత న్యాయము. ఇటుకలు చౌక కూడ కావు. ఇంటి ఖర్చును కోసి పెట్టెలు పేర్చువాని పని వ్యాసంగము కాదు, వ్యసనము.

కూడబెట్టువారికిని ఒక సమాధానము కలదు. తాము దాచకున్నచో 1966 నాటి నీలిపట్టాలు చెత్తకుప్పల పాలయ్యెడివందురు. ఆ మాట కొంత నిజమే. తుడిచి, గీతలు పడినను కట్టి నిలిపిన పాత రైలు ఒక కాలమునకు సాక్ష్యము. విప్పని పెట్టె అట్లు కాదు. లోపల చక్రములన్నియు ఉన్నవో లేవో దాచినవానికే తెలియదు.

ప్రదర్శన ముగిసిన సాయంకాలము కట్టువారి కొలువు చూడదగినది. నెలల తరబడి నిలిపిన స్టేషను గంటలో విడిపోవును. ఎర్రవి ఎర్రవానితో, నల్లవి నల్లవానితో పెట్టెలలోనికి చేరును. ఎవరును కంటతడి పెట్టరు. మొసలి ముక్కునుండి ఊడిన గోధుమరంగు ఇటుక మరుసటి ఏట ఒక వంతెన స్తంభములో నుండును. దానిని గుర్తింపగలవాడు కట్టినవాడొక్కడే.