తప్పు పైలటుదా, పిడిదా?

పాత మోటారు సైకిలు నడిపేవారిని మీరు గమనించారా? దారిలో పెట్రోలు అయిపోవచ్చి ఇంజను తడబడితే వారు కిందికి చూడరు. ఎడమచెయ్యి దించి, ట్యాంకు కింది ట్యాపును తడిమి, రిజర్వుకు తిప్పేస్తారు. కళ్లు రోడ్డుమీదే ఉంటాయి. అదే ట్యాపు వీపు వెనుక ఉందనుకోండి! చెయ్యి వెనక్కి పోతుంది, నడుము తిరుగుతుంది, హ్యాండిలు పక్కకు లాగుతుంది. బండి కాలువలో పడుతుంది.

ఇలాంటిదే ఆకాశంలో జరిగింది.

అమెరికాలో కొందరు తమ గ్యారేజీల్లోనే చిన్న విమానాలు తయారుచేసుకుంటారు. బర్ట్ రూటన్ రూపొందించిన 'లాంగ్ ఈజీ' అలాంటి విమానమే. దానికి కుడి ఎడమల రెక్కల మొదళ్లలో రెండు పెట్రోలు ట్యాంకులు ఉంటాయి. ఒకటి ఖాళీ అయితే పైలటు ఒక పిడి తిప్పి రెండోదానికి మారాలి. రూటన్ నమూనాలో ఆ పిడి పైలటు కాళ్ల మధ్య ఉంటుంది. కాని ఒకాయన తన విమానం కట్టేటప్పుడు, పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదనుకుని, పిడిని పైలటు ఎడమ భుజం వెనుక బిగించాడు.

ఉద్దేశం మంచిదే. పెట్రోలు మనిషికి ఎంత దూరంగా ఉంటే అంత మేలు. అయితే ఆ పిడి తిప్పవలసింది నేలమీద కాదు గదా!

1997లో ఆ విమానాన్ని ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ కొన్నాడు. పిడి అందడం కష్టమని ఆయనకు తెలుసు. పటకారు తగిలించి దాన్ని పొడవు చేయాలని చూశారు, కుదరలేదు. అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో విమానం సముద్రంలో కూలింది. డెన్వర్ మరణించాడు.

దర్యాప్తు జరిపినవారు అటువంటి సీటులోనే కూర్చుని చూశారు. ఎడమవైపు వెనక్కి తిరిగితే, తెలియకుండానే కుడికాలు చాచుకుని చుక్కాని పెడలును నొక్కుతోంది! పిడి కోసం తిరిగినప్పుడు ఇలాగే విమానం అదుపు తప్పిందని వారు తేల్చారు. పైగా పిడిమీద ఏ వైపు ఏ ట్యాంకో తెలిపే గుర్తులు కూడా లేవు.

మరి పైలటు తప్పు లేదా? ఉంది. పెట్రోలు పోయించుకోకుండానే బయలుదేరాడు. ఆ రకం విమానంలో ఆయనకు శిక్షణ చాలలేదు. కాని ఆయన 2,700 గంటలకు పైగా విమానాలు నడిపినవాడు. అంతటివానికే పొరపాటు జరిగితే, "పైలటు తప్పు" అని చేతులు దులుపుకోవడం చాలదని నా అభిప్రాయం. ఆ పిడి అక్కడే ఉంటే, రేపు మరొకరి కాలు కూడా అలాగే చాచుకుంటుంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అల్ఫాన్స్ చపానిస్ ఈ సంగతి గ్రహించాడు. బి-17 బాంబరు విమానాలు నేలకు దిగాక, కొందరు పైలట్లు రెక్కల ఫ్లాపులకు బదులు చక్రాలను ముడిచేస్తున్నారు. చూస్తే రెండింటి స్విచ్చీలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. ఆయన పైలట్లను తిట్టలేదు. ఒక స్విచ్చికి చిన్న చక్రం, మరొకదానికి ఫ్లాపు ఆకారం తగిలించమన్నాడు. ఇక తాకితే చాలు, ఏది ఏదో చేతికే తెలుస్తుంది!

కాబట్టి విమానం కట్టేవారు మర బిగించకముందే సీటులో కూర్చోవాలి. బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పిడిని అందుకోవాలి. ఆ సమయంలో రెండో చెయ్యి, రెండు కాళ్లు ఏం చేస్తున్నాయో పక్కన ఒకరు చూడాలి. పెట్రోలు దూరంగానే ఉండాలంటే వాల్వును వెనుకే ఉంచి, పొడవాటి కడ్డీతో పిడిని మాత్రం ముందుకు తేవచ్చు.

మీరూ బడి ప్రదర్శనకు ఏదో ఒక యంత్రం చేస్తారు. స్విచ్చి ఎక్కడ పెట్టారు? మీ స్నేహితుణ్ణి కళ్లు మూసుకుని వెతకమనండి. అతనికి దొరకకపోతే అతణ్ణి తప్పు పట్టకండి, స్విచ్చిని మార్చండి.